విప్పిన చేతికే చుట్టడం తెలుస్తుంది

బెంగళూరు నుంచి చెన్నైకి పోయే పాత రహదారి మీద ముల్బాగల్ దాటి తూర్పుకు వస్తే, ఆంధ్ర సరిహద్దుకు కాస్త ముందు నంగలి వస్తుంది. హొయ్సళ విష్ణువర్ధనుడి శాసనాలు ఆయన రాజ్యానికి తూర్పు ఎల్లగా చెప్పిన ఊరిది. ఇప్పటికీ ఎల్ల మీదే బతుకుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రోడ్డు మీద లారీలవాళ్లతో తమిళం. కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. ఒకప్పుడు చెరువుల మీద, ఆ తరవాత బావుల మీద నడిచిన సేద్యం ఇప్పుడు బోర్ల మీద నడుస్తోంది. బోరు వెయ్యి అడుగులు దాటి దిగడం ఇక్కడ వింత కాదు. టమోటా తోట, పట్టుపురుగులకు వేసే మల్బరీ, ఆవులకు కోసే పచ్చిమేత అన్నీ ఆ లోతులో తిరిగే మోటరు మీదే ఆధారపడ్డాయి. అది కాలిపోతే రైతు మొదట పరుగెత్తేది మాడిన తీగ తీసి కొత్తది చుట్టే రీవైండింగ్ షెడ్డుకు.

ఈ ప్రాంతంలో నేను అన్నిటికన్నా గౌరవంగా చూసే చేతిపని ఈ షెడ్లలో జరిగేదే. బయటికి కనిపించేది రేకుల కప్పు, నల్లబడిన నేల, కొయ్యకు తగిలించిన రాగి తీగ చుట్టలు. లోపల జరిగే పనికి మాత్రం కంటి చూపు, వేలి కొస, లెక్క మూడూ ఒకే వేళ కావాలి. చాలామంది వైండర్లు ఈ పనిని ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు. బడి వదిలాక, వేసవి సెలవుల్లో, తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆ నేర్పే వరసలో ఒక విశేషం ఉంది. పిల్లవాడికి ముందు చుట్టడం నేర్పరు, విప్పే పని ఇస్తారు. చుట్టే తీగ చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. ఈ వరస వెనక ఎంత ఆలోచన దాగి ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ మోటరును దగ్గరగా చూడాలి. ఆరంగుళాల బోరు మోటరు సన్నగా పొడుగ్గా ఉండే ఉక్కు గొట్టం. లోపల పలచటి ఉక్కు రేకులను వందల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టేటర్ ఉంటుంది. స్టేటర్ లోపలి అంచున నిలువునా స్లాట్లు, ఆ స్లాట్లలో రాగి తీగ. నడిమధ్య రోటర్ తిరుగుతుంది. రోటర్‌కూ స్టేటర్‌కూ నడుమ ఖాళీ ఒక మిల్లీమీటరు లోపే. ఫ్యానులో వాడే ఎనామిల్ తీగ ఇక్కడ పనికిరాదు. ఈ మోటరును దించేముందు లోపల నిండా మంచినీళ్లు పోస్తారు. ఆ నీళ్లే వైండింగ్‌ను చల్లబరచాలి, బుష్‌ల దగ్గర నూనె చేయాల్సిన పని కూడా చేయాలి. అందుకని రాగి మీద పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ పొరలు చుట్టిన తీగ వాడతారు. ఆ పొర మీద వెంట్రుకంత గీత పడినా నీరు రాగిని తాకుతుంది. అడుగున కార్బన్ థ్రస్ట్ బేరింగ్ ఉంటుంది. నీళ్లను పైకి నెట్టేటప్పుడు పంపు కిందికి తోసే బలాన్నంతా అదే మోస్తుంది. ఇన్ని సున్నితమైన భాగాలు, నిమిషానికి మూడు వేలకు కాస్త తక్కువ చుట్లు తిరుగుతూ, మనిషి కన్ను చేరని చోట పనిచేస్తాయి.

కాలిన మోటరు షెడ్డుకు చేరాక రోటర్ లాగేసి స్టేటర్‌ను బెంచీ మీద పడుకోబెడతారు. అక్కడి నుంచి పిల్లవాడి వంతు. ఒక కొసన తీగల మలుపులు కత్తిరించి, రెండో కొసన కటింగ్ ప్లేయర్‌తో పట్టి ఒక్కొక్క తీగా లాగాలి. చూసేవాళ్లకు ఇది ఉత్త కూలిపనిలా కనబడుతుంది. కత్తిరించే ముందు తండ్రి చెప్పే మాట దాన్ని చదువు చేస్తుంది.

"రేయ్, కోసే ముందర ఎంచు."

ఒక్కో స్లాటులో ఎన్ని తీగలున్నాయి? ఏ స్లాటులో దిగిన తీగ ఏ స్లాటులోంచి తిరిగొచ్చింది? ఒక కాయిలు నుంచి ఇంకో కాయిలుకు పోయే తీగ ఎక్కడ మొదలై ఎక్కడ కలిసింది? మూడు ఫేజుల కొసలు ఎక్కడ ముడిపడ్డాయి? పొర గీకేసి మైక్రోమీటర్‌తో కొలిస్తే రాగి మందమెంత? ఇవన్నీ రాసుకున్నాకే కత్తెర ఆడాలి. కోసేశాక ఆ మోటరు తన గుట్టు మళ్లీ చెప్పదు. ఎంచకుండా కోసిన పిల్లవాడు తండ్రికి మిగిల్చేది ఖాళీ గొట్టం.

ఇలా విప్పుతూ పోయే కొద్దీ వైండింగ్ బొమ్మ పిల్లవాడి మనసులో తనంతట తానే పడుతుంది. 24 స్లాట్లు, రెండు పోళ్లు ఉన్న మోటరు తీసుకుందాం. మూడు ఫేజులకు తలా ఎనిమిది స్లాట్లు, అంటే నాలుగేసి కాయిళ్లు. ఒకటో స్లాటులో దిగిన తీగ పన్నెండోదాంట్లోంచి తిరిగొస్తుంది. దాని లోపలి కాయిలు రెండు నుంచి పదకొండుకు పోతుంది. మొదటి ఫేజు ఒకటో స్లాటులో మొదలైతే రెండోది తొమ్మిదిలో, మూడోది పదిహేడులో మొదలవుతుంది. ఈ ఎనిమిదేసి స్లాట్ల ఎడం ఎందుకన్నది ఐటీఐలో పాఠం. చుట్టూ 360 డిగ్రీలు, 24తో భాగిస్తే స్లాటుకు 15. ఫేజుకూ ఫేజుకూ నడుమ 120 డిగ్రీలు కావాలి కనుక ఎనిమిది స్లాట్లు. షెడ్డులో పెరిగిన పిల్లవాడికి ఆ ఎనిమిది ముందు వేలికి తెలుస్తుంది, లెక్క తరవాత వచ్చి దానికి కారణం చెబుతుంది. లెక్కతోనే మొదలుపెట్టినవాడు కాగితం మీది గీతను స్టేటర్‌లో వెతుక్కోవాలి. వీడు స్టేటర్‌లో చూసినదాన్ని కాగితం మీద గుర్తుపడతాడు.

విప్పడంలో రెండో పాఠం ఇంకా లోతైంది. అది కాలిన తీరును చదవడం. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది ఇదే.

స్టార్ కనెక్షన్ మోటరులో రెండు ఫేజుల కాయిళ్లు మాడిపోయి మూడోది కొత్తదానిలా నిగనిగలాడుతుంటే, మూడు లైన్లలో ఒకటి పోయినా మోటరు నడిచిందని అర్థం. తప్పు మోటరులో లేదు. ఫ్యూజో, స్టార్టర్ కాంటాక్టో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీగో చూడాలి. డెల్టా కనెక్షన్ అయితే ఇదే తప్పుకు గుర్తు తిరగబడుతుంది. ఒక ఫేజు మాడి, రెండు మిగులుతాయి. మూడు ఫేజులూ సమానంగా నల్లబడితే మోటరు మోయలేని బరువు మోసిందని అర్థం. పంపు ఇసుకతో బిగుసుకుని ఉండొచ్చు, వోల్టేజి పడిపోయి ఉండొచ్చు. ఇండక్షన్ మోటరు లాగే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి నూటికి 80కి దిగితే బలం 64కే పడిపోతుంది. ఒకే స్లాటులో ఒకే చోట గుంటపడి రాగి కరిగి ఉంటే కథ వేరు. బుష్ అరిగి రోటర్ పక్కకు ఒరిగి స్టేటర్‌ను రాసుకుని ఉండాలి, లేదా కిందటిసారి చుట్టినవాడి చేతిలో తీగ గీసుకుపోయి ఉండాలి. వైండింగ్ కన్నా ముందు కార్బన్ బేరింగ్ పగిలి బుష్‌లు మాడి ఉంటే, బోరులో నీళ్లు అయిపోయినా మోటరు తిరుగుతూనే ఉందేమోనని అనుమానించాలి. నీటి మట్టం బాగా దిగిపోయిన ఈ జిల్లాలో ఆ గుర్తు చాలా మోటర్లలో కనబడుతుంది.

ఈ గుర్తులు చూశాకే తండ్రి రైతును అడగడం మొదలుపెడతాడు. "అన్నా, మోటరు పోకముందు నీళ్లు ఆగి ఆగి వచ్చినాయా? స్టార్టర్ దబదబ కొట్టుకునిందా? ఆంపియర్ ముల్లు ఏడ నిలిచింది?" పక్కన తీగ లాగుతున్న పిల్లవాడు ఈ ప్రశ్నలు వింటాడు. తన చేతిలో ఉన్న మాడిన కాయిలుకూ రైతు చెప్పే జవాబుకూ పొంతన కుదరడం చూస్తాడు. మోటరు బాగుచేయడమంటే తీగ మార్చడమొక్కటే కాదని, అది ఎందుకు కాలిందో తేల్చి ఆ కారణాన్ని రైతుకు చెప్పి పంపడమని వాడికి అక్కడే తెలుస్తుంది. కారణం వదిలేసి చుట్టి ఇస్తే, ఎంత బాగా చుట్టినా అదే మోటరు అదే గాయంతో తిరిగొస్తుంది. చుట్టడం ముందు నేర్చుకున్నవాడికి ఈ సంగతి పట్టదు. వాడి కంటికి కాలిన తీగ చెత్త. విప్పి నేర్చుకున్నవాడికి అది సాక్ష్యం.

ఇక చుట్టే పని. పైన నేల మీద ఉండే మోటర్లకు కాయిలును అచ్చు మీద చుట్టి స్లాటులోకి దించవచ్చు. ఇక్కడ స్టేటర్ పొడుగు, స్లాటు నోరు సన్నం, తీగ మీది పొర మెత్తన. అందుకని తీగను ఒక కొసనుంచి స్లాటులోకి తోసి, అవతలి కొసన అందుకుని లాగి, జోడీ స్లాటులోంచి వెనక్కు పంపాలి. ప్రతి చుట్టూ ఇలాగే. ఇది ఇద్దరి పని. ఒక కొసన తండ్రి, ఇంకో కొసన కొడుకు కూర్చుంటారు.

ఇద్దరి వేగమూ ఒకటి కావాలి. లాగేవాడు తొందరపడితే తీగ స్లాటు అంచుకు రాసుకుని పొర చిట్లుతుంది. తోసేవాడు తొందరపడితే తీగ మెలిపడుతుంది. మెలిపడ్డ చోట పొర నలుగుతుంది కాబట్టి అంతవరకూ వెనక్కు లాగి చూసుకోవాల్సిందే. జోడీ స్లాటులోకి పోవాల్సిన తీగ పొరపాటున ఇంకోదాంట్లోకి పోకుండా చూసుకోవాలి, ఎంచుతూనే ఉండాలి. మాటలు చాలా తక్కువ. తీగ బిగిసిందా వదులైందా అన్నది అవతలి కొసనున్న వేళ్లకు వెంటనే తెలిసిపోతుంది. తండ్రి ఎంత బలంతో తోస్తాడో, ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కొడుకు చేతికి ఆ తీగ ద్వారానే అందుతుంది. ఏ మాటా చెప్పలేని ఆ బిగువును మూడడుగుల దూరంలో కూర్చుని పట్టుకోవడమే అసలైన శిక్షణ.

కొసల్లో మలుపులు సర్దడం దగ్గర పనివాడి చేయి బయటపడుతుంది. రోటర్ దూరే దారికి అడ్డం రాకూడదు, బయటి గొట్టానికి తగలకూడదు. ఫేజుకూ ఫేజుకూ నడుమ పొర పెట్టి, వరస తప్పకుండా వంచి, నైలాన్ దారంతో బిగించి కట్టాలి. మోటరు ఆన్ అయిన ప్రతిసారీ మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు ఒక్కసారిగా పారి ఈ మలుపులు అదురుతాయి. కట్టు వదులైతే తీగను తీగ రాసుకుని పొర అరుగుతుంది. మంచి వైండర్ కట్టిన కొసలు పెళ్లి జడలా ఒద్దికగా ఉంటాయి. ఆ అందం ఎవరూ చూడరని అతనికి తెలుసు. అయినా ఆ ఒద్దికే మోటరు ఆయుష్షు.

తరవాత కనెక్షన్. పన్నెండు కాయిళ్లలో ఒక్కటి తిరగబడి కలిసినా మోటరు మూలుగుతూ వేడెక్కుతుంది, సరిగా లాగదు. అది చూసుకున్నాక స్టేటర్‌ను నీళ్లలో ముంచి మెగ్గర్ పెడతారు. రాగికీ ఉక్కుకూ నడుమ కరెంటు దారి దొరుకుతుందా అని పరీక్ష. పొడిగా ఉన్నప్పుడు మంచి అంకె రావడం గొప్ప కాదు. చాలాసేపు నానాక కూడా ముల్లు అక్కడే నిలవాలి. ఆ ముల్లు ఎక్కడుందో కొడుకు చేత చదివించి, ఒప్పో తప్పో వాడి చేతే చెప్పించే తండ్రి మంచి గురువు.

ఇంత జాగ్రత్త ఎందుకో పొలంలో చూస్తే తెలుస్తుంది. బోరులోకి దించే జీఐ పైపు ఒక్కోటి 20 అడుగులు. వెయ్యి అడుగుల లోతుకు 50 పైపులు. మూడు కాళ్ల స్టాండు నిలిపి, చైన్ పుల్లీ తగిలించి, క్లాంపు బిగిస్తూ ఒక్కొక్క పైపూ తగిలిస్తూ, కేబుల్ కడుతూ దించాలి. షెడ్డులో పొర మీద గీత చూసీ చూడనట్టు వదిలేస్తే ఆ 50 పైపులూ మళ్లీ పైకి లాగాలి. కూలి ఖర్చు రైతుది, ఎండిపోయే తోటా రైతుదే. పైగా మోసానికి దారులూ ఉన్నాయి. ఒక గేజు సన్న తీగ వేయొచ్చు, రాగి బదులు అల్యూమినియం వేయొచ్చు. అల్యూమినియంలో కరెంటు పారే గుణం రాగిలో సుమారు 60 శాతమే. మూత బిగించాక రైతు కంటికి ఏదీ కనబడదు. తండ్రి ఎదురుగా కూర్చున్న కొడుకు కంటికి మాత్రం కనబడుతుంది. వాడు చుట్టడంతోపాటు ఏం వేయాలో, ఏం వేయకూడదో కూడా ఆ బెంచీ దగ్గరే నేర్చుకుంటాడు.

నూనె మరకలు అంటిన నోటుబుక్కు ఈ పనిలో ఇంకో ఆస్తి. కంపెనీ, హెచ్‌పీ, కోర్ పొడవు, లోపలి వ్యాసం, స్లాట్లు, చుట్లు, గేజు, స్టారా డెల్టానా అన్నీ అందులో ఉంటాయి. అంతకుముందు ఎవరో తప్పుగా చుట్టిన మోటరు వస్తే లోపలి తీగను నమ్మలేం. అదే కొలతల మోటరు నోటుబుక్కులో దొరక్కపోతే లెక్క వేయాలి. వోల్టేజి, పోళ్లు ఒకటే అయితే, కోర్ పొడవునూ లోపలి వ్యాసాన్నీ గుణించగా వచ్చినది పెరిగే కొద్దీ చుట్లు తగ్గాలి. అదే వ్యాసంలో కోర్ రెట్టింపు పొడుగైతే చుట్లు సగం. బడిలో నేర్చుకున్న విలోమానుపాతం ఇక్కడ కిలోల రాగిని కాపాడుతుంది. బడికి పోయే కొడుకు షెడ్డుకు తెచ్చే బలం ఇదే.

ఈ జిల్లాకు కరెంటు మోటరు నిన్న మొన్నటిది కాదు. 1902 జూన్ 30న కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు లైను లాగి కోలారు బంగారు గనులకు విద్యుత్తు తెచ్చారు. అప్పటికి ప్రపంచంలోనే అతి పొడవైన లైన్లలో అదొకటి. ఆ కరెంటు సెకనుకు 25 సైకిళ్లది, ఇప్పటిది 50. ఈనాటి రెండు పోళ్ల మోటరు ఆ కరెంటు మీద సగం వేగంతోనే తిరిగేది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనుల్లో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా పనిచేశాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. యంత్రం ఆగిన రోజున మనిషికి మిగిలేది చేతిలోని విద్యేనని ఈ జిల్లాకు చెప్పక్కర్లేదు.

చేతి విద్య ఇంట్లోంచి రావడం మన షెడ్లకే పరిమితం కాదు. ఈ షెడ్లలో చుట్టే ఇండక్షన్ మోటరుకు 1888లో పేటెంట్లు పొందిన నికోలా టెస్లా తన ఆత్మకథలో, తనలోని కల్పనాశక్తి తల్లి నుంచి వచ్చిందని రాసుకున్నాడు. ఆమె పేరు జూకా మాండిచ్. ఇంటి పనికి కావలసిన పరికరాలు తానే తయారు చేసుకునేది, నారతీసి నేసేది. మన తెలుగునేలలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అంటే మేకుల చుట్టూ దారం తిప్పడంలో, తల్లి లక్ష్మి ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించేది. ఆ భుజం నొప్పి చూస్తూ పెరిగాడు. 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రం పూర్తిచేసి దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని రెండు గంటల లోపుకు వచ్చింది. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. మల్లేశం ముందు చేసిందీ విప్పడమే. తల్లి చేయి ఎక్కడ లేస్తుంది, ఎక్కడ తిరుగుతుంది, ఏ మేకు చుట్టూ దారం వేస్తుంది అని ఆ కదలికను ముక్కలు ముక్కలుగా విడదీసి చూశాడు. ఆ తరవాతే ఇనుములో దాన్ని మళ్లీ కూర్చాడు.

పిల్లల చేత పని చేయించడం గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బడి మాన్పించి షెడ్డులో కూర్చోబెట్టడం నేర్పడం కాదు, దోచుకోవడం. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కూడా పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి వేళల తరవాత, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి వృత్తి పనుల్లో సాయపడడాన్నే ఒప్పుకుంటుంది. విప్పే పనిలోని మంచి ఇక్కడ ఇంకోసారి కనబడుతుంది. బెంచీ మీది కాలిన స్టేటర్‌లో కరెంటు లేదు. అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న పనే అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది. ఈ షెడ్లలో ఒక లోటు కూడా ఉంది. టెస్లాకూ మల్లేశానికీ చేతి తెలివి తల్లుల నుంచి వచ్చింది, మన షెడ్లలో మాత్రం ఆడపిల్ల కనబడడం అరుదు. తీగ బిగువు పట్టే వేళ్లు కూతురికీ ఉన్నాయి. బెంచీ అవతలి కొసన ఆమెకూ చోటివ్వాలి.

ఐటీఐలు ఈ షెడ్ల నుంచి ఒక పద్ధతి తీసుకోవచ్చు. విద్యార్థి చేత కొత్త కాయిలు చుట్టించడంతో పాటు, కాలిన స్టేటర్ ఒకటి చేతికిచ్చి ఎందుకు కాలిందో చెప్పమనాలి. ఆ ప్రశ్నకు మార్కులు ఎక్కువ ఉండాలి. షెడ్లవాళ్లు ఐటీఐల నుంచి తీసుకోవాల్సిందీ ఉంది. తమ నోటుబుక్కులోని అంకెలకు కారణాలు అక్కడ దొరుకుతాయి.

నంగలి చుట్టుపక్కల ఎక్కడైనా మోటరు చుట్టించుకుంటే, డబ్బు ఇచ్చేముందు అది ఎందుకు కాలిందని అడగండి. తండ్రి నోరు తెరవకముందే పిల్లవాడు కాలిన కాయిలు తెచ్చి, ఇదిగో ఇందుకని వేలు పెట్టి చూపిస్తే, ఆ షెడ్డులో పని సరిగ్గా చేతులు మారుతోందని నమ్మి మోటరు తీసుకుపోండి.